ఆ పిల్ల చివరి పేజీ దాకా బతకాలి

(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పోయిన నెల ఈ పేజీలో టీనేజీ నవలల గురించి కొంచెం రాశాను. యుద్ధం, పేదరికం, కులం, రంగు, అప్పు, ఇలా ఏదో ఒక అణచివేత మధ్య పెరిగే పిల్లల కథలు మన పిల్లలు కూడా చదవాలని అన్నాను. దానికి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు చూశాక ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. ఫ్రెండ్ ఇచ్చిందని 'హంగర్ గేమ్స్' చదువుతోంది. ఏముంది అందులో అంటే, పిల్లల్ని ఒకచోట వదిలేసి ఒకళ్లనొకళ్లు చంపుకునేలా చేస్తారమ్మా అంది. నాకు భయమేసింది. ఇలాంటివి చదివితే మనసు పాడవదా? పుస్తకం లాగేసుకోమంటారా?
ఒక అమ్మ, కందుకూరు

జవాబు: లాగేసుకోవద్దమ్మా. మీ భయం నాకు అర్థమైంది, ఆ పుస్తకంలో చావులు నిజంగానే ఉన్నాయి, పన్నెండేళ్ల పిల్ల చనిపోయే చోట నేనూ పుస్తకం మూసి కాసేపు పక్కన పెట్టాను. కానీ 2008లో సుజానే కాలిన్స్ రాసిన ఆ నవలలో అసలు విషయం చంపుకోవడం కాదు, చీటీలు. కాట్నిస్ అనే పదహారేళ్ల అమ్మాయి బొగ్గు గనుల ప్రాంతంలో ఉంటుంది. తండ్రి గనిలో పోయాడు. ఆ చావు ఆటకి ఏటా ఒక్కో ప్రాంతం నుంచి ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని చీటీ తీసి పంపిస్తారు. పన్నెండేళ్లు వచ్చిన పిల్లలందరికీ ఒక చీటీ, పదమూడుకి రెండు, పద్నాలుగుకి మూడు, అక్కడి దాకా ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఒకటే రూలు. అయితే ఇంట్లో తిండికి లేకపోతే ఇంకో చీటీ అదనంగా వేయించుకోవచ్చు, వేయించుకుంటే ఒక మనిషికి ఏడాది పాటు కాస్త ధాన్యం, నూనె ఇస్తారు. కాట్నిస్ తన కోసం, అమ్మ కోసం, చెల్లి కోసం ఏటా మూడు అదనపు చీటీలు వేయించుకుంటుంది. పదహారేళ్లు వచ్చేసరికి డబ్బాలో ఆమె పేరు ఇరవైసార్లు ఉంటుంది. ఇంట్లో ఐదుగురిని పోషించే ఆమె స్నేహితుడి పేరు నలభై రెండుసార్లు. మేయర్ కూతురిది మహా అయితే ఐదు.

చూశారా, చట్టం అందరికీ ఒకటేనని పైకి చెబుతూనే పేదింటి పిల్లల పేరే చేతికి తగిలేలా ఎట్లా చేశారో. రేషన్ కార్డు, అప్పు కాగితం, ఫీజు రసీదు, ఇవన్నీ రోజూ చూసే మన ఇళ్లలో పదహారేళ్ల పిల్లకి ఈ లెక్క చటుక్కున అర్థమవుతుంది. మీరు చేయాల్సింది ఒక్కటే. రాత్రి అన్నాలయ్యాక పక్కన కూర్చుని "ఆ పిల్ల అన్ని చీటీలు ఎందుకు వేయించుకుంది?" అని అడగండి. మీ అమ్మాయి చెప్పేది వినండి. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకి మాత్రం ఈ పుస్తకం నేను ఇవ్వను.

ప్రశ్న: నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఎనిమిది నుంచి పది దాకా వారానికి ఒక లైబ్రరీ పీరియడ్ ఉంది. మా పిల్లలు ఇంగ్లీషు నవల చదవలేరు. ఎలా మొదలుపెట్టాలి? ఇంకో సంగతి, క్లాసులో అన్ని కులాల పిల్లలూ ఉంటారు, అణచివేత కథ అంటే ఏదైనా గొడవ వస్తుందేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.
ఒక టీచర్, కొండపి దగ్గర

జవాబు: టీచర్ గారూ, చదివించొద్దు, మీరే తెలుగులో చెప్పండి. నవల మొత్తం కాదు, ముందు రెండు సంఘటనలు చాలు. నేనైతే మిల్డ్రెడ్ టేలర్ నవల 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై'తో మొదలుపెడతాను. 1976లో వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల సాహిత్యానికిచ్చే న్యూబెరీ మెడల్ దానికి ఇచ్చారు. కథ జరిగేది 1933లో, మిసిసిపీ రాష్ట్రంలో. చెప్పేది క్యాసీ అనే తొమ్మిదేళ్ల నల్లజాతి పిల్ల, పెద్దన్నకి పన్నెండేళ్లు, చిన్న తమ్ముడికి ఆరు. టీనేజీకి కాస్త ముందు వయసే, అయినా మీ ఎనిమిదో తరగతికి సరిగ్గా సరిపోతుంది.

తెల్ల పిల్లల బడికి బస్సు ఉంది, నల్ల పిల్లల బడికి లేదు. క్యాసీ వాళ్లు నడిచి పోతుంటే ఆ బస్సు కావాలనే పక్కకొచ్చి వాళ్ల మీద బురద చిమ్మి పోతుంటుంది, లోపల పిల్లలు నవ్వుతుంటారు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం బెల్లు టైములో ఈ పిల్లలు పార, బకెట్లు పట్టుకుని పోయి రోడ్డుకి అడ్డంగా గొయ్యి తవ్వుతారు. వాన నీళ్లు నిండి గొయ్యి కనపడదు. సాయంత్రం బస్సు అందులో కూలబడుతుంది. ఇది చెప్పేటప్పుడు మీ క్లాసులో ఈలలు పడతాయి, పడనివ్వండి.

రెండోది పుస్తకాల సంగతి. ఆరేళ్ల తమ్ముడికి బడిలో అదే మొదటి రోజు. వాడికి శుభ్రం పిచ్చి, బట్టల మీద దుమ్ము పడితే ఓర్చుకోలేడు. వాడి చేతికి మరకలు పడి చిరిగిన పుస్తకం వస్తుంది. అట్ట లోపల ఒక పట్టీ అతికించి ఉంటుంది. ఏ ఏడాది ఎవరికిచ్చారు, అప్పటికి పుస్తకం ఎట్లా ఉంది, తీసుకున్న పిల్లల జాతి ఏది, అన్నీ వరసగా రాసి ఉంటాయి. కొత్తగా ఉన్నప్పటి నుంచి అన్నీ తెల్ల పిల్లలకే ఇచ్చారు. బాగా పాడైపోయింది అని రాశాకే నల్ల పిల్లల బడికి పంపారు, అదీ నల్లవాళ్లని తక్కువ చేసి పిలిచే మాటతో. ఆ పసివాడు అది చదివి పుస్తకం నేలకేసి కొట్టి తొక్కుతాడు. దెబ్బలు పడతాయి. వాళ్ల అమ్మ కూడా అదే బడిలో టీచరు. సంగతి తెలిశాక ఆమె గొంతు చించుకోదు, తన క్లాసు పుస్తకాలన్నీ ముందేసుకుని ఆ పట్టీల మీద కాగితం ముక్కలు కత్తిరించి అతికిస్తూ కూర్చుంటుంది. ఇంకా కొన్నాళ్లకి, బానిసత్వం గురించి పాఠంలో లేని నిజాలు చెప్పిందని ఆమె ఉద్యోగమే తీసేస్తారు.

కథ ఇక్కడ ఆపి ఒక్క ప్రశ్న అడగండి: వాడు పుస్తకం ఎందుకు విసిరేశాడు? అంతే. ఈ కథలో నీతి ఏమిటి అని అడగొద్దు. ముఖ్యంగా, మీ ఇంట్లో, మీ ఊళ్లో ఇలాంటిది జరిగిందా అని క్లాసులో ఎవరినీ నిలబెట్టి అడగొద్దు. అడిగారంటే క్లాసంతా ఒక్కసారిగా తిరిగి ఏ దళితవాడ పిల్ల వైపు చూస్తుందో మీకు తెలుసు. ఆ చూపు ఆ పిల్ల బడి మానేదాకా మర్చిపోదు. కథ మిసిసిపీలో జరగడమే మనకి మేలు. అక్కడి బస్సు గురించి మాట్లాడుతూ పిల్లలు తమ రోడ్డు గురించి మాట్లాడుకుంటారు, ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపించాల్సిన పని లేకుండా.

కారంచేడు అప్పట్లో మన ప్రకాశం జిల్లాలోనే ఉండేది. 1985 జులై 17న అక్కడ ఆరుగురు దళితుల్ని చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర మురికి బకెట్ కడగొద్దన్నందుకు మొదలైన గొడవ అది. మీ పిల్లల తాతలకి అది నిన్నటి సంగతి. ఇళ్లలో దాని గురించి ఏం మాట్లాడుకుంటారో, ఏం మాట్లాడుకోరో పిల్లలు వింటూనే ఉంటారు. కాబట్టి గొడవ వస్తుందని కథ మానొద్దు. పీరియడ్ అయ్యాక ఎవరైనా పిల్ల విడిగా మీ దగ్గరికొచ్చి ఏదైనా చెబితే, పాఠం నోట్సు పక్కన పెట్టి విని, ఆ మాట స్టాఫ్ రూముకి మోసుకెళ్లకండి.

ప్రశ్న: అన్నీ అమ్మాయిల కథలేనా? అబ్బాయిలకి కష్టాలు ఉండవా?
పదో తరగతి విద్యార్థి, చీమకుర్తి

జవాబు: ఎందుకుండవు తమ్ముడూ. 'ద అవుట్‌సైడర్స్' దొరికితే చదువు. పోనీబాయ్ అనే పద్నాలుగేళ్ల వాడు, అమ్మానాన్న కారు ప్రమాదంలో పోతే ఇరవై ఏళ్ల పెద్దన్నే ఇల్లు నడుపుతుంటాడు, నడిపన్న బడి మానేసి పెట్రోలు బంకులో పని చేస్తుంటాడు. ఆస్తులున్న పిల్లల గుంపు వీళ్లని ఎప్పుడు చిక్కితే అప్పుడు కొడుతుంటుంది. ఈ నవల మొదలుపెట్టినప్పుడు రాసినామెకి పదిహేనేళ్లు, 1967లో అచ్చయ్యేసరికి పద్దెనిమిది. అవును, రాసింది అమ్మాయే, ఎస్.ఇ. హింటన్. అందులో అబ్బాయిలు ఏడుస్తారు, పద్యం చదువుకుంటారు, పొద్దు గుంకడం చూస్తూ నిలబడతారు, దాని గురించి ఒకరికొకరు చెప్పుకుంటారు కూడా. మన క్వారీల దగ్గర, హోటళ్లలో, మెకానిక్ షెడ్లలో ఇంటికోసం చదువు వదిలేసిన నడిపన్నలు ఎంతమంది ఉన్నారో నాకంటే నీకే బాగా తెలుసు. వాళ్ల గురించి నువ్వు రాస్తే చదవాలని నాకుంది.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. వాళ్ల పిన్ని 'అమల్ అన్‌బౌండ్' అనే పుస్తకం కొనిచ్చింది. అది చదివినప్పటి నుంచి ఎదురు చెబుతోంది. పొగాకు ఆకు కట్టే రోజుల్లో నాలుగు రోజులు బడి మానమంటే, అన్నని ఎందుకు మానమనవు అంటోంది. మనకి అప్పు ఎంతుంది, వడ్డీ ఎంత అని కూడా అడుగుతోంది. నేను కౌలు రైతుని. ఇలాంటి పుస్తకాలు పిల్లల్ని తల్లిదండ్రుల మీదికి ఉసిగొల్పవా?
ఒక తండ్రి, టంగుటూరు దగ్గర

జవాబు: అయ్యా, మీ పాప చదివిన పుస్తకం నేనూ చదివాను. ఆయిషా సయీద్ 2018లో రాసింది. పాకిస్తాన్ పంజాబ్‌లో ఒక పల్లె, అమల్‌కి పన్నెండేళ్లు, టీచర్ కావాలని ఆశ. ఇంట్లో ఐదో ఆడపిల్ల పుట్టి తల్లి మంచాన పడితే చెల్లెళ్లని చూసుకోడానికి కొన్నాళ్లు బడి మానమంటారు. ఆ కొన్నాళ్లు తెమలవు. ఒకరోజు బజారులో ఆమె కొనుక్కున్న దానిమ్మకాయని జమీందారు కొడుకు తనకిమ్మంటాడు, ఇవ్వనంటుంది. అంతే నేరం. తండ్రి ఆ ఇంట్లో చేసిన అప్పు బయటికి తీసి, తీర్చు, లేదా పిల్లని పనికి పంపు అంటారు. అక్కడ తిన్న తిండికీ పడుకున్న చోటుకీ కూడా లెక్క కట్టి అప్పులో కలుపుతుంటారు. ఇంక తీరేదెప్పుడు?

మీ పాప మిమ్మల్ని ఆ జమీందారు అనుకోవడం లేదు. ఆ పుస్తకంలో తండ్రి చెడ్డవాడు కాదు, కూతురంటే ప్రాణం. ఆయన అప్పు సంగతి పిల్లలకి చెప్పడు, చెప్పని ఆ అప్పే పిల్ల మీద పడుతుంది. అందుకే మీ పాప వడ్డీ ఎంత అని అడుగుతోంది. అది ఎదురు చెప్పడం కాదు, మీ బరువు ఎంతో తెలుసుకోవాలనుకోవడం. తొమ్మిదో తరగతి పిల్లకి వడ్డీ లెక్కలు వచ్చు. బ్యాంకులో ఎంత, బయట నూటికి ఎంత చొప్పున తెచ్చారు, బేళ్లు వేలం కేంద్రానికి పోయాక చేతికి ఎంత వస్తుందనుకుంటున్నారు, ఒక సాయంత్రం ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద రాయించండి.

అన్న సంగతి మాత్రం సూటిగా చెబుతాను. ఆకు కట్టే పని ఇద్దరూ చేయగలిగిందే. బడి మానాల్సింది ఆడపిల్లే అని మనం ఎప్పుడూ ఎక్కడా రాసుకోలేదు, అయినా ప్రతి సీజన్‌లో అదే జరుగుతోంది. సెలవు రోజున ఇద్దర్నీ పిలవండి, బడి రోజున ఇద్దర్నీ పంపండి.

ఇక చదువు ఉసిగొల్పుతుందా అంటే, ఉసిగొల్పుతుంది, మంచికి. పక్కనున్న నెల్లూరు జిల్లాలోనే దూబగుంట ఉంది. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికొచ్చిన ఆడవాళ్లు తమలాంటి వాళ్ల కథలే వాచకంలో చదువుకుని, మన మగవాళ్ల కూలి డబ్బులు సారాయి కొట్టుకి ఎందుకు పోవాలి అని అడిగి 1992లో కొట్లు మూయించారు. వాళ్లని ముందుండి నడిపిన రోసమ్మ గారి పేరు మీరు వినే ఉంటారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారాయి నిషేధం వచ్చింది. ఒక వాచకంలో పాఠం అంత పని చేసిన చోటు మనది. మీ పాప ప్రశ్నలు ఆ తోవలోవే, వాటికి భయపడకండి.

ప్రశ్న: మీరు చెప్పేవన్నీ అమెరికా, పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్. మన తెలుగులో అణచివేత మీద గొప్ప నవలలు లేవా? అవి చదవమని ఎందుకు చెప్పరు?
రిటైర్డ్ ఉద్యోగి, నెల్లూరు

జవాబు: ఉన్నాయండీ, చెబుతాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో ఉండి రాసిన 'మాలపల్లి' 1922లో వస్తే తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. జి. కల్యాణరావు గారి 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది, అందులో ఎల్లన్న చిన్నతనంలో వీధినాటకం మోజులో ఇల్లు దాటి పోయే భాగం ఏ పదిహేనేళ్ల వాడు చదివినా కదిలిపోతాడు. మన కావలి ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు' నవల కాదు గానీ, పేద ముస్లిం ఇంట్లో పెరిగే కుర్రాడి ఆకలి, అల్లరి, వాళ్లమ్మ తిట్లు అన్నీ మన యాసలోనే ఉంటాయి. అది ఏడో తరగతి పిల్లలు కూడా పడీపడీ చదువుతారు. ఇవి ఇంట్లో ఉంటే ఇవాళే పిల్లల చేతికివ్వండి.

కానీ చాలా ఏళ్లుగా నన్ను ఒకటి బాధపెడుతోంది. మన సాహిత్యంలో అణచివేతకి గురైన పిల్ల చాలాసార్లు చచ్చిపోతుంది. గురజాడ వారి పూర్ణమ్మని ముసలివాడికిచ్చి పెళ్లి చేస్తే ఆ పిల్ల కోనేట్లో దిగి తిరిగి రాదు. చదివిన ప్రతి ఒక్కరం కన్నీళ్లు పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే, ఆ కన్నీళ్ల వల్ల పెద్దవాళ్ల మనసులు మారాయి కూడా. పెద్దల్ని సిగ్గుపడేలా చేయడానికి రాసింది అది. మరి అదే గేయాన్ని పద్నాలుగేళ్ల పిల్ల చదివితే? తనకీ ఇంట్లో సంబంధాలు చూస్తున్న పిల్ల చదివితే? ఆ పిల్లకి కోనేరు ఒక్కటే కనిపిస్తే ఏం చేస్తుంది? నేను టీనేజీ నవలల వెంట పడింది ఇందుకే. వాటిలో కష్టం తక్కువేమీ కాదు, కానీ కథ చెప్పే పిల్ల చివరి పేజీ దాకా బతికి ఉంటుంది, ఏదో ఒక చిన్న పని తనంతట తాను చేస్తుంది, ఆ పని ఎట్లా చేసిందో రచయిత దగ్గరుండి చూపిస్తారు.

అట్లాగని చావుని దాచిపెట్టమనడం లేదు. ఆన్ ఫ్రాంక్ నిజంగానే బతకలేదు. 1942 జూన్ 12న పదమూడో పుట్టినరోజుకి వచ్చిన డైరీలో, నాజీలకి భయపడి ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కున్న రెండేళ్లూ రాసుకుంది. 1944 ఆగస్టు 4న పట్టుబడింది, మరుసటి ఏడాది క్యాంపులో చనిపోయింది, పదిహేనేళ్లకే. అయినా ఆ డైరీలో చివరి పేజీ రాసినది, ఆగస్టు 1న, బతికున్న పిల్లే. వాళ్లమ్మ మీద అలుగుతుంది, పైగదిలో అబ్బాయి గురించి కలలు కంటుంది, పెద్దయ్యాక రచయిత్రి కావాలని రాసుకుంటుంది. పూర్ణమ్మ గురించి గురజాడ చెప్పారు, ఆన్ గురించి ఆనే చెప్పుకుంది. మన తెలుగు నవలాకారులు పద్నాలుగేళ్ల గొంతుతో, పద్నాలుగేళ్ల వాళ్ల కోసం, అదీ చివరిదాకా బతికే పిల్ల కథ ఇంకా చాలా రాయాలి. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర, రొయ్యల షెడ్లలో, కనిగిరి వైపు నీళ్ల కోసం మైళ్లు నడిచిన ఇళ్లలో ఆ కథలు ఉన్నాయి.

ప్రశ్న: నెల్లూరులో రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదువుతున్నాను. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్సే. ఆ నవలల్లో పిల్లల్లాగే నేనూ బందీని అనిపిస్తుంది. యుద్ధాల్లో ఉన్నవాళ్లతో పోల్చుకోవడం తప్పా?
ఊరు, పేరు వేయొద్దు

జవాబు: తప్పు కాదమ్మా. బాధకి అర్హత పరీక్ష ఉండదు. లోయిస్ లౌరీ 1993లో రాసిన 'ద గివర్' చదువు, సెలవులకి ఇంటికి పోయినప్పుడైనా. అందులో జోనాస్ అనే పన్నెండేళ్ల వాడుండే చోట యుద్ధం లేదు, ఆకలి లేదు. అన్నీ పెద్దలే నిర్ణయిస్తారు. పన్నెండో ఏట అందర్నీ కూర్చోబెట్టి నీ ఉద్యోగం ఇది అని చెప్పేస్తారు, ఎవరూ మారు మాట్లాడరు. అక్కడి మనుషులకి రంగులు కూడా కనిపించవు. జోనాస్‌కి మొదట కనిపించేది ఎరుపు, స్నేహితుడు విసిరిన ఆపిల్ పండులో. నీకు ఎంపీసీనా బైపీసీనా అని ఎవరైనా అడిగారో లేదో నీ ఉత్తరంలో రాయలేదు, నాకు మాత్రం ఆ అనుమానం వచ్చింది.

ఆదివారం క్యారియర్ తీసుకుని అమ్మానాన్న వచ్చినప్పుడు, బాగున్నానని మాత్రమే చెప్పి పంపించేయకు. నిద్ర పట్టట్లేదనో, అన్నం సయించట్లేదనో, ఏది నిజమైతే అది చెప్పు. మార్కుల సంగతి తర్వాత. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. హాస్టల్ ఫోన్ నుంచి కుదరకపోతే అమ్మ ఫోన్ అడుగు.

ప్రశ్న: నాకు పదహారేళ్లు. టెన్త్ పాసయ్యాక చదువు ఆపించారు. మేనమామ వరస సంబంధం చూశారు, ఈ నెలలోనే మాటలు అనుకుంటున్నారు. మా బడి లైబ్రరీలో 'ద బ్రెడ్‌విన్నర్' కథ టీచర్ చెప్పారు. పర్వానా లాగా నేనూ ఎక్కడికైనా పోవాలనిపిస్తోంది. కానీ ఒక్కదాన్నే ఎట్లా?
ఊరు వేయొద్దు

జవాబు: తల్లీ, నీ ఉత్తరం అందరికంటే ముందు చదివాను. నీకు కబురు ఇప్పటికే పంపాం, అయినా నీలాంటి వాళ్లు ఇంకా ఉంటారని ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఒక్కదానివే ఎక్కడికీ పోవద్దు. పర్వానా కూడా ఒక్కతే పోలేదు, అది గుర్తు చేసుకో. డెబొరా ఎల్లిస్ 2000లో రాసిన ఆ నవలలో తాలిబన్లు తండ్రిని పట్టుకుపోయాక, ఆడవాళ్లు మగతోడు లేకుండా గడప దాటడానికి లేని కాబూల్‌లో ఇంటిల్లిపాదీ పస్తులుంటారు. అప్పుడు వాళ్లమ్మ, మిసెస్ వీరా అనే స్నేహితురాలు కూర్చుని ఆలోచన చేస్తారు. పర్వానాకి జుట్టు కత్తిరించి, చనిపోయిన అన్న బట్టలు తొడిగి అబ్బాయిలా బజారుకి పంపాలని. ముందు పర్వానా ఒప్పుకోవాలి, బయట తిరగాల్సింది ఆ పిల్ల కదా అంటుంది వీరా. పర్వానా ఒప్పుకుంటుంది. బజారులో తండ్రి కూర్చున్న చోటే కూర్చుని, చదువు రానివాళ్లకి ఉత్తరాలు చదివిపెట్టి డబ్బులు తెస్తుంది. అక్కడే తనలాగే అబ్బాయి వేషంలో ఉన్న క్లాస్‌మేట్ షౌజియా దొరుకుతుంది. ఆ పిల్లని బతికించింది ధైర్యం ఒక్కటే కాదు, చదువూ, పక్కనున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లూ.

నీ వీరా ఎవరో వెతుక్కో. ఆ కథ చెప్పిన టీచరే అయ్యుండొచ్చు, అంగన్‌వాడీ టీచర్ అయ్యుండొచ్చు, సచివాలయంలో మహిళా పోలీసు అయ్యుండొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, పగలూ రాత్రీ తీస్తారు, డబ్బులు పడవు. ఫోన్ చేసిన వాళ్ల పేరు బయటపెట్టరు. మాటలు అనుకునే దశలోనే చెయ్యి, ముహూర్తం దాకా ఆగొద్దు. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని అమ్మాయికి పెళ్లి చేయడం నేరం, చేసినవాళ్లకీ చేయించినవాళ్లకీ రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటాయి. జరగబోయే పెళ్లిని మేజిస్ట్రేట్ ఆపించొచ్చు. మీ నాన్నని జైలుకి పంపాలని ఎవరికీ లేదు, అధికారులు మొదట ఇంటికొచ్చి పెద్దవాళ్లతోనే మాట్లాడతారు, చాలా ఇళ్లలో అక్కడితోనే ఆగిపోతుంది. మేనమామ వరస, మన ఇంటి పిల్లాడే అన్న మాట చట్టంలో లెక్కకి రాదు.

ఇంటర్ అడ్మిషన్ కోసం టెన్త్ మార్కుల లిస్టు, టీసీ ఎక్కడున్నాయో చూసి పెట్టుకో. నీ చేతిలో ఉంచుకోలేకపోతే ఆ టీచర్ దగ్గర పెట్టు.

ప్రశ్న: ఈ పుస్తకాలు తెలుగులో దొరుకుతాయా? ఎక్కడ?
చాలామంది

జవాబు: ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే. ఇంటర్ పిల్లలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవగలిగే తేలిక ఇంగ్లీషే, 'బ్రెడ్‌విన్నర్' అన్నిటికంటే సులువు. తెలుగులో కావాలంటే ముందు 'ఏడు తరాలు' చదవండి, ఎలెక్స్ హేలీ 'రూట్స్'కి సహవాసి గారు చేసిన అనువాదం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. పదిహేడేళ్ల కుంటా కింటే ఢోలు చేసుకోడానికి చెట్టు కొట్టుకోబోయి బానిస వ్యాపారులకి చిక్కే దగ్గర మొదలుపెట్టినా సరే, వెనక్కి వెళ్లి మొదటి నుంచి చదువుతారు. నెల్లూరు, ఒంగోలు జిల్లా గ్రంథాలయాల్లో అడగండి, లేకపోతే కావాల్సిన పుస్తకం పేరు రాసి ఇచ్చి తెప్పించమనండి, అడిగేవాళ్లుంటేనే తెప్పిస్తారు. చీరాల వైపు వాళ్లకి వేటపాలెం సారస్వత నికేతనం ఉండనే ఉంది, 1918 నుంచి. వచ్చే నెల ఉత్తరాల్లో మీరు చదివి దాచుకున్న పుస్తకాల పేర్లు కూడా రాసి పంపండి.